మ్యాగ్ డ్రాప్ ఎక్కువొస్తోందా? మాగ్నెటో విప్పే ముందు ఇవి చూడండి

టేకాఫ్‌కి ముందు చేసే ఇంజన్ పరీక్షలో (రన్-అప్) తాళంచెవిని, స్పార్క్ ప్లగ్గులకు కరెంటిచ్చే రెండు మాగ్నెటోల్లో ఒకదాని మీదికి తిప్పగానే ఆర్‌పీఎం ధబీమని పడిపోతుంది (ఈ తగ్గుదలే మ్యాగ్ డ్రాప్), ఇంజన్ వణుకుతుంది, స్టూడెంట్‌కి టెన్షన్. సెస్నా 152 విమానంలో ఈ చెక్ 1700 ఆర్‌పీఎం దగ్గర చేస్తాం, ఏ మాగ్నెటో మీదా 125కి మించి తగ్గకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. 172ఎస్‌లో అయితే 1800 దగ్గర, 150కి మించకూడదు, తేడా అదే 50.

ముందు ఎలా పడిందో చూడండి. వణుకు లేకుండా నున్నగా ఎక్కువ తగ్గితే మిక్స్చరో (ఇంధనం-గాలి పాళ్లు), టైమింగో (స్పార్క్ పడే క్షణం) కారణం. వణుకుతూ పడితే ఆ మాగ్నెటో మీద ఒక సిలిండర్ మండడం లేదు, అంటే దాదాపుగా స్పార్క్ ప్లగ్గే.

అందరూ వదిలేసేది ఇక్కడే: టాక్సీలో మిక్స్చర్ ఎక్కడుంది? 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోల్‌లో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు, దాన్ని బయటికి తోసే రసాయనం కూడా అందులోనే ఉంటుంది, కానీ ప్లగ్ బాగా వేడెక్కితే గానీ అది పనిచేయదు. ఫుల్ రిచ్‌లో (ఇంధనం పాలు బాగా ఎక్కువగా) ఐడిల్ మీద నిలబెడితే కింది ప్లగ్గుల్లో బూడిదరంగు సీసం ఉండలు చేరతాయి. 1800-2000 దగ్గర పెట్టి, ఆర్‌పీఎం గరిష్ఠానికి వచ్చేదాకా లీన్ చేసి (ఇంధనం పాలు తగ్గించి), కాసేపు ఉంచి, మళ్లీ రిచ్ చేసి చెక్ చేయండి. రెండుసార్లకీ పోకపోతే వెనక్కి రండి, ఎగరడం గురించి ఆలోచించొద్దు. ఇకపై టాక్సీలో గట్టిగా లీన్ చేయండి, ఎంత గట్టిగా అంటే థ్రాటిల్ పూర్తిగా తోస్తే ఇంజన్ తడబడాలి, అప్పుడు రిచ్ చేయడం మర్చిపోయి టేకాఫ్‌కి వెళ్లే ప్రమాదం ఉండదు. కొంచెం కొంచెం లీన్ చేసేవాళ్లే ఆ ఇబ్బందిలో పడతారు.

ఇప్పుడు మమ్మల్ని బాగా ఏడిపించిన అసలు దొంగ. ప్లగ్ విప్పితే శుభ్రంగా ఉంటుంది, గ్యాప్ సరిగ్గా ఉంటుంది, తుడిచి బిగిస్తే కొన్ని రోజులు బాగానే నడుస్తుంది, మళ్లీ మొదలు. జనం హార్నెస్ (మాగ్నెటో నుంచి ప్లగ్గులకు వెళ్లే తీగలు) మారుస్తారు, తర్వాత మాగ్నెటో కూడా. తప్పు మాత్రం ప్లగ్ లోపల కంటికి కనబడని రెసిస్టర్‌ది. వయసుతో దాని నిరోధం పెరిగిపోతుంది, స్పార్క్ బలహీనపడుతుంది, బలం లేని స్పార్క్ ఉన్న ప్లగ్ త్వరగా మసిబారుతుంది, అందుకే మనం సీసాన్నే తిట్టుకుంటూ కూర్చుంటాం. మల్టీమీటర్ ఒక ముల్లు హార్నెస్ తగిలే గుంతలో అడుగున ఆనించి, రెండోది మధ్య ఎలక్ట్రోడ్‌కి పెట్టండి. 5,000 ఓమ్‌లు దాటితే పారేయండి, "ఇంకో 50 గంటలు చూద్దాం" అనకండి. నాలుగు సిలిండర్ల ఎనిమిది ప్లగ్గులకీ రీడింగులు రాసిపెట్టుకుంటే తర్వాతి తనిఖీలో ఏది పెరుగుతోందో తెలిసిపోతుంది. కింద పడిన ప్లగ్‌ని మాత్రం మీటర్ బాగుందన్నా వాడొద్దు, ఇన్సులేటర్‌లో పగులు మీటర్‌కి కనబడదు.

ఏ సిలిండరో తెలియాలంటే, చెడ్డ మాగ్నెటో మీదే తక్కువ ఆర్‌పీఎంలో కాసేపు నడిపి ఆపేసి, వెంటనే ఎగ్జాస్ట్ పైపుల వేడి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. చల్లగా ఉన్నది దొరికినట్టే.

హార్నెస్ లీకు, మాగ్నెటో కాయిల్, క్యామ్ అరుగుదల: ఉంటాయి, అరుదు, ఆఖర్న చూడండి.

ఒకటి మాత్రం వేరు. ఆర్‌పీఎం అసలు తగ్గకపోతే సంబరపడకండి. పీ-లీడ్ (మాగ్నెటోని ఆఫ్ చేసే తీగ) తెగి ఉండొచ్చు, అప్పుడు తాళంచెవి ఆఫ్‌లో ఉన్నా ఆ మాగ్నెటో బతికే ఉంటుంది, చేత్తో ప్రొపెల్లర్ కదిపితే ఇంజన్ అంటుకోవచ్చు. ప్రొపెల్లర్ దగ్గరికి ఎవర్నీ రానీయకుండా, మెకానిక్ చూసేదాకా విమానాన్ని పక్కన పెట్టండి.