బ్రౌజర్ ఆంక్షను దాటడానికి రివర్స్ ప్రాక్సీ పెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పేజీ ఒక డొమైన్ మీద, దానికి సమాచారం అందించే ఏపీఐ మరో డొమైన్ మీద ఉన్నప్పుడు కన్సోల్‌లో ఎర్ర అక్షరాలతో కనిపించే కార్స్ (CORS, ఒక డొమైన్ పేజీ మరో డొమైన్ జవాబును చదవడానికి ఆ డొమైన్ ఇచ్చే అనుమతి) ఎర్రర్‌ను ఎదుర్కోని వెబ్ డెవలపర్ ఉండరు. అవతలి సర్వర్ మన చేతిలో లేకపోతే, దాని నిర్వాహకులు అనుమతి హెడర్ (జవాబుకు ముందు వచ్చే సమాచారపు వరస) ఇవ్వకపోతే, చాలామంది ఇంజిన్‌ఎక్స్ వంటి రివర్స్ ప్రాక్సీని ఆశ్రయిస్తారు. మన డొమైన్‌లో "/ఏపీఐ/"తో మొదలయ్యే అభ్యర్థనలన్నిటినీ అది అవతలికి పంపి, వచ్చిన జవాబును మన పేరుతోనే బ్రౌజర్‌కు అందిస్తుంది. అంతా ఒకే చోటి నుంచి వస్తున్నట్టు కనిపిస్తుంది కాబట్టి బ్రౌజర్ అడ్డు చెప్పదు. పది నిమిషాల్లో అయిపోయే ఈ పనిలో, ఒక బయటివాడికి మన ఇంటిపేరు ఇచ్చి నడింట్లో కూర్చోబెడుతున్నామన్న సంగతి మాత్రం తరచుగా మరుగున పడుతుంది. ప్రవేశాలు, ఫలితాలు, పండగ అమ్మకాల వంటి రద్దీ రోజులకు ముందు ఈ ఏర్పాటు చేయబోయేవారు కింది విషయాలను ముందుగానే సరిచూసుకోవాలి.

బ్రౌజర్ పెట్టే ఈ ఆంక్ష పేరు సేమ్ ఆరిజిన్ నియమం. అది నెట్‌స్కేప్ నావిగేటర్ రెండో వెర్షన్ల కాలంలో, జావాస్క్రిప్ట్ వచ్చిన తొలి రోజుల్లోనే పుట్టింది. ప్రోటోకాల్, హోస్టు పేరు, పోర్టు అనే మూడూ కలిస్తేనే రెండు చిరునామాలు ఒక ఆరిజిన్‌కు చెందినవిగా బ్రౌజర్ లెక్కిస్తుంది. అందువల్ల ఒకే కంప్యూటర్‌లో 5173 పోర్టు మీద నడిచే పేజీకి 8080 పోర్టు మీది ఏపీఐ కూడా పరాయిదే. ఒక సైటులోని స్క్రిప్టు, మనం లాగిన్ అయి ఉన్న మరో సైటు జవాబులను చదివేయకుండా ఈ నియమం కాపాడుతుంది. ప్రాక్సీ పెట్టినంత మాత్రాన ఆ నియమం విరిగిపోదు, బ్రౌజర్ దాన్ని యథావిధిగా పాటిస్తూనే ఉంటుంది. అయితే రెండు వేర్వేరు ఆరిజిన్లను ఒకటేనని చెప్పింది మనమే కనుక, వాటి మధ్య ఇంతవరకు బ్రౌజర్ చేసిన కాపలా ఇక మనం చేయాలి.

ప్రాక్సీ నిజంగా అవసరమా అన్నది మొదటి ప్రశ్న. అవతలి ఏపీఐ కూడా మన బృందానిదే అయితే, మన పేజీ ఆరిజిన్ ఒక్కదానినే పేర్కొంటూ అక్కడ కార్స్ హెడర్ పెట్టించడం శుభ్రమైన మార్గం. అది కుదరనప్పుడే ప్రాక్సీ జోలికి వెళ్ళాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే బహిరంగ కార్స్ ప్రాక్సీలను ప్రొడక్షన్‌లో, అంటే వాడుకరులు చూసే అసలు సైటులో, వాడటం మాత్రం ఏ పరిస్థితిలోనూ సమర్థనీయం కాదు, ఎందుకంటే వాడుకరుల లాగిన్ టోకెన్లన్నీ ముక్కూమొహం తెలియని వారి యంత్రం గుండా ప్రయాణిస్తాయి. పైగా ఆ సేవలు ఎప్పుడు ఆగిపోతాయో చెప్పలేము. విరివిగా వాడుకలో ఉన్న కార్స్ ఎనీవేర్ డెమో సర్వర్‌ను దాని నిర్వాహకుడు 2021 జనవరి 31 నుంచి పరిమితం చేశారు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కుకీల మీద పెట్టాలి. "/ఏపీఐ/" దారి ఇప్పుడు మన డొమైన్‌లోనిదే కాబట్టి, వాడుకరి లాగిన్ అయినప్పుడు మనం ఇచ్చిన సెషన్ కుకీని బ్రౌజర్ ఆ అభ్యర్థనలకు కూడా జతచేస్తుంది, ఇంజిన్‌ఎక్స్ దాన్ని అలాగే అవతలి సంస్థకు చేరవేస్తుంది. హెచ్‌టీటీపీ ఓన్లీ అని గుర్తు పెట్టిన కుకీ అయినా ఇక్కడ రక్షణ లేదు, ఎందుకంటే ఆ గుర్తు స్క్రిప్టు చదవకుండా ఆపుతుందే తప్ప అభ్యర్థనతో పాటు వెళ్ళకుండా ఆపదు. వాతావరణ సమాచారం కోసమో పిన్‌కోడ్ వివరాల కోసమో పెట్టిన ప్రాక్సీ మన వాడుకరుల లాగిన్ తాళంచెవులను ఊరు దాటిస్తోందని లాగ్ తెరిచి చూసేదాకా ఎవరికీ తెలియదు. కనుక ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ ఫైలులో ఆ దారికి రాసిన భాగంలో, అంటే లొకేషన్ బ్లాకులో, "ప్రాక్సీ_సెట్_హెడర్" ఆదేశంతో కుకీ హెడర్‌కు ఖాళీ విలువ ఇవ్వాలి. లాగిన్ టోకెన్‌ను మోసే ఆథరైజేషన్ హెడర్ అవతలికి అవసరం లేకపోతే దానికీ అదే చేయాలి.

ఎదురు దిశలో కూడా ఇదే చిక్కు ఉంది. అవతలి సర్వర్ డొమైన్ పేర్కొనకుండా కుకీ పంపితే అది మన హోస్టుకే అంటుకుంటుంది, దాని పేరు, దారి మన సెషన్ కుకీతో కలిస్తే వాడుకరి ఉన్నట్టుండి లాగవుట్ అయిపోతాడు. దాని డొమైన్‌ను పేర్కొంటూ పంపితే బ్రౌజర్ తిరస్కరిస్తుంది, అప్పుడు లాగిన్ నిలవదు. మొదటి సందర్భంలో "ప్రాక్సీ_హైడ్_హెడర్"తో సెట్ కుకీ హెడర్‌ను దాచేయాలి, రెండో సందర్భంలో "ప్రాక్సీ_కుకీ_డొమైన్"తో పేరు మార్చాలి. అవతలి నుంచి జేసన్ (JSON) రూపంలోని డేటాకు బదులు హెచ్‌టీఎంఎల్ పేజీ వస్తే, అందులోని స్క్రిప్టు మన ఆరిజిన్ అధికారంతో నడుస్తుందన్నది ఇంకా పెద్ద ప్రమాదం. అందువల్ల అవతలి సైటు మొత్తాన్ని కాకుండా, కావలసిన రెండు మూడు దారులను మాత్రమే తెరవాలి. నా మటుకు నేను, ప్రాక్సీని ప్రధాన డొమైన్ మీద కాకుండా వేరే సబ్‌డొమైన్ మీద పెట్టి, అక్కడ కార్స్ హెడర్‌ను మనమే ఇచ్చుకోవడాన్ని ఇష్టపడతాను. కుకీలను మాతృ డొమైన్ మొత్తానికి జారీ చేయకుండా ఉంటే చాలు, అవి అటువైపు వెళ్ళవు, అవతలి స్క్రిప్టు కూడా మన పేజీ ఆరిజిన్‌లోకి రాదు.

తరువాత చెప్పుకోవలసినది ఒక్క గీత సంగతి. అభ్యర్థనను ఎక్కడికి పంపాలో చెప్పే "ప్రాక్సీ_పాస్" ఆదేశంలో అవతలి చిరునామా చివర స్లాష్ ఉంటే, లొకేషన్‌తో సరిపోలిన భాగం తొలగిపోయి మిగిలిన దారి మాత్రమే వెళ్తుంది, "/ఏపీఐ/జాబితా" అక్కడికి "/జాబితా"గా చేరుతుంది. స్లాష్ లేకపోతే దారి మొత్తం అలాగే వెళ్తుంది. ఇది తారుమారైతే 404 వస్తుంది, గంటసేపు తల పట్టుకుంటాము, అంతే. ప్రమాదకరమైన పొరపాటు రెండో వైపు జరుగుతుంది. లొకేషన్‌ను చివరి స్లాష్ లేకుండా "/ఏపీఐ" అని రాసి, గమ్యాన్ని "/వీ1/" అని స్లాష్‌తో ముగిస్తే, ఎవరైనా "/ఏపీఐ../రహస్యం" అని అడిగినప్పుడు అది అవతలికి "/వీ1/../రహస్యం"గా చేరుతుంది. అంటే మనం తెరవని మెట్టుకు కూడా దారి దొరుకుతుంది. లొకేషన్ చివరా గమ్యం చివరా స్లాష్ ఉందో లేదో వేలు పెట్టి చూసుకోవాలి.

గమ్యం చిరునామాను అభ్యర్థనలోని పారామీటర్ నుంచి తీసుకునే ప్రాక్సీని ఎన్నడూ రాయకూడదు. అలా రాస్తే, బయటివారు మన సర్వర్ చేత లోపలి నెట్‌వర్క్‌లోని చిరునామాలను, క్లౌడ్ యంత్రాల మెటాడేటా (ఆ యంత్రం వివరాలు, తాత్కాలిక అధికార పత్రాలు) ఉండే 169.254.169.254ను కూడా చదివించగలుగుతారు. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకులో, సరిగా అమర్చని ఫైర్‌వాల్ ద్వారా ఇలాగే మెటాడేటా సేవ నుంచి తాత్కాలిక అధికార పత్రాలు పొంది, ఆ దేశంలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలను తీసుకుపోయారు.

అవతలికి హెచ్‌టీటీపీఎస్‌తో వెళ్తున్నాము కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. అవతలి సర్టిఫికెట్‌ను పరిశీలించే "ప్రాక్సీ_ఎస్ఎస్ఎల్_వెరిఫై" ఇంజిన్‌ఎక్స్‌లో మొదటి నుంచీ ఆఫ్‌లో ఉంటుంది, దాన్ని ఆన్ చేసి నమ్మదగిన సర్టిఫికెట్ల ఫైలును మనమే చూపాలి. హోస్టు పేరును పంపే "ప్రాక్సీ_ఎస్ఎస్ఎల్_సర్వర్_నేమ్" కూడా అంతే. అలాగే గమ్యం పేరును నేరుగా రాస్తే దాని ఐపీ చిరునామాను ఇంజిన్‌ఎక్స్ సాధారణంగా మొదలయ్యేటప్పుడే ఒకసారి తెలుసుకుని పెట్టుకుంటుంది. అవతలివారి లోడ్ బాలన్సర్ చిరునామా మారిన రోజున మనకు 502, 504 ఎర్రర్ జవాబులు వరుస కడతాయి.

రద్దీ రోజున ఎదురయ్యే చిక్కు వేరు. ఒక ప్రవేశాల సైటుకు నేను ఇలాంటి ప్రాక్సీ పెట్టినప్పుడు, ఉదయం పదింటికి దరఖాస్తులు తెరవగానే వేలమంది విద్యార్థుల అభ్యర్థనలన్నీ మా సర్వర్ ఐపీ ఒక్కదాని నుంచే వస్తున్నట్టు అవతలివారికి కనిపించి, వారి పరిమితి యంత్రాంగం మమ్మల్ని పావుగంటలో నిలిపివేసింది. ముందురోజు పరీక్షించింది నేనొక్కడినే కనుక ఆ సంగతి నాకు తట్టలేదు. అవతలివారికి ముందే తెలియజేసి పరిమితి పెంచించుకోవడం, మన వైపు ఒక్కో వాడుకరికి "లిమిట్_రెక్" ద్వారా హద్దు పెట్టడం రెండూ అవసరం. ప్రాక్సీలో మన ఏపీఐ తాళాన్ని జతచేస్తున్నట్టయితే ఆ హద్దు తప్పనిసరి, లేకపోతే మన ఖర్చుతో ఎవరైనా వాడుకుంటారు. వాడుకరి అసలు ఐపీని చెప్పే ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ హెడర్‌లో వాడుకరే ముందుగా ఏదైనా రాసి పంపగలడు కాబట్టి, ఆ విలువను చూసి ఎవరినీ నమ్మకూడదు. ఇక జవాబు కోసం వేచి ఉండే సమయం 60 సెకన్లు, పంపగల ఫైలు పరిమాణం 1 ఎంబీ అనేవి ఇంజిన్‌ఎక్స్ డిఫాల్టులు, ఫొటోలు అప్‌లోడ్ చేసే దరఖాస్తులకు అవి చాలవు. ఒకసారి వచ్చిన జవాబును దాచి మళ్ళీ ఇచ్చే కాష్ పెట్టదలచుకుంటే, జవాబులను వేరుచేసి గుర్తించే దాని డిఫాల్టు కీలో కుకీ గానీ ఆథరైజేషన్ గానీ ఉండదని, ఒకరి మార్కుల జాబితా మరొకరికి కనిపించే అవకాశం ఉందని గుర్తుంచుకోవాలి.

హెడర్ల విషయంలో రెండు మాటలు. లొకేషన్ బ్లాకులో ఒక్క "యాడ్_హెడర్" రాసినా, పై స్థాయిలో రాసిన భద్రతా హెడర్లు మామూలుగా ఆ దారికి వర్తించవు, వాటిని అక్కడ మళ్ళీ రాయాలి. అవతలి సర్వర్ ఇచ్చిన కార్స్ అనుమతి హెడర్‌ను దాచకుండా మనమూ ఒకటి కలిపితే జవాబులో రెండు పడతాయి, బ్రౌజర్ దానిని తిరస్కరిస్తుంది.

వీట్ (Vite) వంటి డెవలప్‌మెంట్ సర్వర్‌లో పెట్టుకున్న ప్రాక్సీ సెట్టింగు బిల్డ్‌లోకి, అంటే అసలు సైటుకు పెట్టే ఫైళ్ళలోకి, రాదన్నది కొత్తవారు తరచుగా మరిచే విషయం, అందుకే పరీక్ష అసలు డొమైన్ మీద, అసలు కాన్ఫిగ్‌తోనే జరగాలి. పాత కాన్ఫిగ్ ఫైలును పక్కన భద్రపరచి, కొత్తదాని వాక్య నిర్మాణాన్ని తనిఖీ చేసే ఆదేశం నడిపి, ఆ తరువాతే రీలోడ్ చేయాలి. స్లాష్ పొరపాటును ఆ తనిఖీ పట్టుకోదు. కాబట్టి అవతలి సర్వర్ స్థానంలో, వచ్చిన హెడర్లనూ దారినీ ఉన్నదున్నట్టు ముద్రించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి పెట్టి, లాగిన్ అయిన బ్రౌజర్ నుంచి ఒక అభ్యర్థన పంపి చూడాలి. ఆ ముద్రణలో మీ సెషన్ కుకీ కనిపిస్తే, సైటును ఇంకా తెరవకండి.