దొంగ అర చేసే ముందు బండి కిందకి దూరి చూడండి

పోయిన నెల మా ఊరి పక్క షెడ్డులో ఒక పాత మారుతి జిప్సీ జీపు తగలబడిపోవాల్సింది. రోజు బాగుండి బయటపడింది. బండి ఒక రొయ్యల రైతుది. వరదలొచ్చేలోపు డిక్కీలో ప్లైవుడ్డుతో దొంగ అర చేయించుకుందామని తెచ్చాడు. షెడ్డు కుర్రాడు ప్లై ముక్క పరిచి పైనుంచి సెల్ఫ్ స్క్రూలు దింపుతున్నాడు. మూడోది దిగేసరికి గుప్పున పెట్రోలు వాసన. "ఏం కాదండి బాబూ, ఇంజను వాసనేనండి" అని నాలుగోది కూడా దింపేశాడు. నేను టీ గ్లాసు పక్కన పెట్టి కిందకి వంగి చూశాను. ట్యాంకు నుంచి సన్నటి ధార సిమెంటు మీద పడుతోంది. రెండు బారల దూరంలో ఇంకో బండికి వెల్డింగు జరుగుతోంది.

ఈ వేసవిలో ఇదే పని పెట్టుకున్నవాళ్ళు నాకు తెలిసే నలుగురైదుగురు ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎందుకు చేయించుకుంటారో నాకూ తెలుసు. జిప్సీలకీ పాత థార్లకీ పైన చాలావరకు గుడ్డ టాపు, తాళం వేసినా వేయనట్టే. 2023లో వచ్చిన జిమ్నీకి తాళాలు బాగానే ఉన్నాయి కానీ, వెనక సీట్లు నిలబెట్టి ఉంచితే డిక్కీ 208 లీటర్లే. అందులో ఏం పెట్టినా అద్దంలోంచి కనబడుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వేశారంటే లంకల్లో ఉన్నవాళ్ళం ఏం చేస్తాం? పాసు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు, నాలుగు జతల బట్టలు బండిలో పడేసి, బండిని ఏటిగట్టెక్కించి, చుట్టాలింటికో పునరావాస కేంద్రానికో పోతాం. బండి రాత్రంతా గట్టు మీద ఒంటరిగా ఉంటుంది. మా తాతగారి భోషాణంలో అడుగు పలక కింద ఉండే దొంగ అరలాంటిది దీనికీ ఒకటుంటే బాగుణ్ణనిపిస్తుంది. తప్పేం లేదు. ఖర్చూ పెద్దగా లేదు. నాది ఇంటి అల్మరా పనిలో మిగిలిన ప్లై ముక్కలతో, పాత కార్పెట్టుతో అయిపోయింది.

ప్లై ఎలా కోయాలో, కార్పెట్టు ఎలా అంటించాలో మీ వడ్రంగి నాకన్నా బాగా చెబుతాడు. నేను చెప్పేది అతను చెప్పనిది.

ఆ ఒక్క స్క్రూ

బండి కిందకి దూరి చూడకుండా పైనుంచి డ్రిల్లు పెట్టకండి.

లెక్క చూడండి. మనవాళ్ళు వాడే ప్లై 12 మిల్లీమీటర్లు. స్క్రూ అంగుళంన్నరది, అంటే 38 మిల్లీమీటర్లు. బండి అడుగు రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ. అంటే ప్లై, రేకు రెండూ దాటాక అంగుళం స్క్రూ బండి కింద పొడుచుకుని ఉంటుంది. జిప్సీకి పెట్రోలు ట్యాంకు ఉండేది సరిగ్గా డిక్కీ కిందే. మిగతా బండ్లలో చోటు మారచ్చు కానీ ట్యాంకో, పెట్రోలు పైపో, బ్రేకు పైపో, వైరింగు కట్టో ఏదో ఒకటి ఆ చుట్టుపక్కల ఉండకుండా పోదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. షెడ్డులో నేల మీదే పరుచుకుంటుంది, గుంట ఉంటే గుంటలోకి దిగుతుంది. మామూలు కరెంటు డ్రిల్లు తిరిగేటప్పుడు లోపల నిప్పురవ్వలు వస్తూనే ఉంటాయి.

ట్యాంకుకి తగిలితే ఒక రకంగా నయం, వాసన వెంటనే చెబుతుంది. బ్రేకు పైపు దగ్గర ఆగిన స్క్రూ ఏమీ చెప్పదు. ఈ బండ్లన్నిటికీ కింద నిచ్చెనలాంటి ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. నిలబెట్టిన బండిలో స్క్రూ మొనకీ పైపుకీ మధ్య వేలు పట్టేంత సందు కనబడుతుంది. గట్టు రోడ్డు గుంతల్లో బాడీ ఊగినప్పుడు ఆ సందు ఉండదు. రోజూ కాస్త కాస్త గీసుకుంటూ, మూడు నెలల తర్వాత ఎక్కడో వంతెన దిగేటప్పుడు పెడలు నేలకి ఆనేస్తుంది. నాకు తెలిసినవాళ్ళలో ఒకాయన అలాగే పంట కాలవలోకి దిగాడు. నీళ్ళు మోకాళ్ళ లోతే కాబట్టి మనిషి దక్కాడు. బ్రేకు ఎందుకు పోయిందో చూస్తే, అంతకుముందు దసరాకి చేయించుకున్న అర తాలూకు స్క్రూ.

చక్రం పైన ఉండే గుమ్మటం రేకు కూడా అంతే. అక్కడ స్క్రూ దింపితే మొన టైరు వైపే చూస్తుంది. మామూలు రోడ్డు మీద టైరు అంత పైకి రాదు. లంకలో దిగినప్పుడు, ఒక చక్రం గుంతలో ఒక చక్రం దిబ్బ మీద ఉన్నప్పుడు వస్తుంది.

కాబట్టి మళ్ళీ చెబుతున్నా. ముందు కిందకి దూరండి. చాప వేసుకుని, టార్చి పట్టుకుని మీరే దూరండి. కుర్రాడు చూశానంటే నమ్మకండి.

కన్నం పెట్టకుండా బిగించడం

నిజానికి కన్నమే అక్కర్లేదు. డిక్కీలో సామాను తాళ్ళు కట్టే కొక్కేలు కంపెనీ ఇచ్చినవే ఉంటాయి. వాటి బోల్టు విప్పి, ఎల్ క్లాంపు పెట్టి, అదే మరతో కాస్త పొడుగు బోల్టు వేస్తే చాలు. ఆ పొడుగు ఎంతో కూడా కింద చూశాకే కొనండి. సీటు బెల్టు బోల్టుల జోలికి మాత్రం వెళ్ళకండి.

కన్నం తప్పనిసరైతే కింద ఏముందో చూసి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, బ్యాటరీ నెగెటివ్ తీసేసి, డ్రిల్ బిట్టుకి ఎంత లోతు దిగాలో అక్కడ టేపు చుట్టి, అప్పుడు. స్క్రూ వద్దు, నట్టు బోల్టు వేయండి, వాషరు పెట్టండి. కన్నం అంచుకి ప్రైమరు పూయండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి పచ్చి రేకు రెండు వానలు తట్టుకోదు. డ్రిల్లు రాల్చిన ఇనప రజను అయస్కాంతంతో ఏరండి, అది కార్పెట్టు కింద ఉండిపోతే ఎక్కడికక్కడ తుప్పు పుండ్లు లేస్తాయి.

అర అడుగుని రేకుకి ఆనించకండి, రబ్బరు ముక్కల మీద అంగుళం ఎత్తున కూర్చోబెట్టండి. బండి అడుగున నీళ్ళు పోవడానికి రబ్బరు బిరడాలుంటాయి, వాటిని కప్పేయకండి. మూతకి చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. ఆషాఢంలో ప్లై ఉబ్బుతుంది. ఖాళీ లేకపోతే దొంగకే కాదు మీకూ తెరుచుకోదు.

ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు

దొంగ అర బండిలో అన్నిటికన్నా కింద ఉంటుంది. అంటే నీళ్ళు ముందు వచ్చేది దానికే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన వరదకి గట్టు మీద పెట్టిన బండ్లు కూడా అడుగు రేకు దాకా తడిసిన చోట్లున్నాయి. పాసు పుస్తకాలు అడుగున పెట్టి మూత వేసి, భద్రంగా ఉన్నాయని నిద్రపోయినవాళ్ళు తెల్లారి గుజ్జు ఏరుకున్నారు. 2020 తర్వాతి థార్‌కి 650 మిల్లీమీటర్ల నీళ్ళ దాకా పరవాలేదని కంపెనీ చెబుతుంది. అది బండికి లెక్క, మీ పాసు పుస్తకానికి కాదు. కాగితాలు జిప్ కవర్లో వేసి పైన ఎక్కడైనా పెట్టండి, సీటు వీపు వెనక కుట్టించిన సంచి అయినా చాలు. ఆర్సీ, లైసెన్సు డిజీలాకర్‌లో చూపిస్తే చెల్లుతాయి, అసలువి బండిలో మోయక్కర్లేదు.

రొయ్యల రైతులకి వేరే మాట. రాత్రి ఆక్సిజన్ పడిపోతే చెరువులో చల్లే బిళ్ళలు, బ్లీచింగు, పెరాక్సైడు డబ్బాలు. వీటిలో ఒక్కటి కూడా మూసిన అరలో పెట్టకండి. ఆ బిళ్ళలు తడి తగిలితే వేడెక్కుతాయి, ఆక్సిజన్ వదులుతాయి. బ్లీచింగు మీద బ్రేకు ఆయిలు ఒలికితే అగ్గిపుల్ల అక్కర్లేకుండానే మండుతుంది. మన అరల్లో ఆయిలు డబ్బా ఎలాగూ ఉంటుంది.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

బోటు ఇంజనుకనీ, నీళ్ళ మోటారుకనీ సీసాలో పెట్టిన పెట్రోలు అరలో వద్దు. డీజిలైనా వద్దు.

లైటరు, సెంటు స్ప్రే, పవర్ బ్యాంకు వద్దు. ఎండలో మూసిన బండిలో మూసిన అర అంటే పొయ్యే.

డ్రైవరు సీటు కింద విడిగా ఏమీ ఉండకూడదు. నీళ్ళ సీసా దొర్లి బ్రేకు పెడలు కిందకి పోతుంది.

ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే ముట్టుకోకండి. అది ఎయిర్ బ్యాగుది.

జాకీ, వీల్ స్పానరు అర కింద పడిపోయేలా చేయించుకోకండి. పంచరు పడేది రాత్రి పదకొండుకి, వానలో, ఒకే బండి పట్టే గట్టు మీద. అప్పుడు సామానంతా బురదలో దింపుతారా?

అద్దం పగలగొట్టే సుత్తి, టార్చి, తాడు దాచకండి. మన రోడ్లు సగం కాలవ గట్లే. కాలవలో పడ్డ బండిలో అర మూత తెరిచే టైము ఉండదు. సుత్తి డ్రైవరు చేతికి అందాలి.

మూతకి అయస్కాంతం ఒక్కటే చాలదు, గడియ పెట్టండి. బోల్తా పడితే లోపలి స్పానర్లు గాల్లోకి లేస్తాయి.

వెనక సీటు పీకేసి ఆ జాగాలో పెట్టె కట్టకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండి మార్చకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు ముందు లెక్కపెట్టేది సీట్లే.

అర ఉన్న సంగతి పోలీసులకి దాచకండి. మన్యం నుంచి గంజాయి దిగేది ఇలాంటి అరల్లోనే అని వాళ్ళకి బాగా తెలుసు. చెక్‌పోస్టులో అడిగితే మీరే మూత తెరిచి చూపించండి. వాళ్ళు వెతికి పట్టుకుంటే పాత చీరలున్నా సరే, పూట పోతుంది.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50,000 దాటిన నగదు కాగితాలు లేకుండా అందులో పెట్టకండి. రొయ్యల డబ్బు అని చెబితే సరిపోదు, బిల్లు కావాలి.

బరువు వెనక ఇరుసుకి ముందు వైపు రానివ్వండి. 12 మిల్లీమీటర్ల ప్లై నిండు షీటే ఇరవై కిలోలు దాటుతుంది. సగం షీటుతో కానివ్వండి.

సఖినేటిపల్లి రేవులో బండ్లని ఏరు దాటించే పంటు ఎక్కిస్తే హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, మీరూ పిల్లలూ దిగి నిలబడండి. అరలో బంగారం ఉందని లోపల కూర్చోకండి.

కనకాయలంక కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే దాటకండి. అరలో ఏమున్నా సరే.

పని జరుగుతున్నప్పుడు పెట్రోలు వాసన వస్తే డ్రిల్లు వదిలేసి బయటికి రండి. లైటు కూడా వేయకండి. బండి స్టార్ట్ చేసి బయటికి తీద్దామనుకోకండి, తోయండి.

అర అయిపోయిన వారానికి, నాలుగు గుంతలు తిరిగొచ్చాక, మళ్ళీ చాప వేసుకుని కిందకి దూరండి. బోల్టు మొన దగ్గర కొత్తగా గీసుకున్న మెరుపు కనిపిస్తే ఆ బోల్టు ఆ రోజే కోయించండి.