జీఎఫ్ఎస్2లో మెటాడేటా చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

జీఎఫ్ఎస్2 అంటే ఒకే డిస్కును పలు నోడ్లు (క్లస్టర్‌లోని కంప్యూటర్లు) ఒకేసారి మౌంట్ చేసుకుని వాడే లినక్స్ ఫైల్ సిస్టమ్. అలాంటిచోట వేగం తగ్గగానే అందరి చూపూ డిస్కు మీదికే వెళ్తుంది. చాలాసార్లు డిస్కు నిర్దోషి. ఫైలు పరిమాణం, యజమాని, అనుమతులు, డేటా బ్లాకుల చిరునామాలు వంటి మెటాడేటా ప్రతి ఫైలుకూ ఉండే ఐనోడ్ అనే రికార్డులో ఉంటుంది. ఆ ఐనోడ్ లాక్ ఇప్పుడు ఏ నోడ్ చేతిలో ఉంది, దాని కోసం ఎవరు కాచుకుని ఉన్నారు అన్నదే మొదట తేల్చాలి. జీఎఫ్ఎస్2లో ఈ లాక్‌ను గ్లాక్ అంటారు. నోడ్ల మధ్య దాన్ని పంచే పని డీఎల్ఎం (డిస్ట్రిబ్యూటెడ్ లాక్ మేనేజర్) అనే భాగానిది.

లక్షణం: ఒక్క డైరెక్టరీలో మాత్రమే ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే ఆదేశం) నిమిషాల తరబడి కదలదు

మిగతా డైరెక్టరీలు చురుగ్గా ఉండి ఒకటి మాత్రం మొరాయిస్తే అది దాదాపుగా లాక్ పోటీయే. ఎల్ఎస్‌ను వివరాలతో, లేదా రంగులతో నడిపితే పేర్లు చదివి ఊరుకోదు. ఒక్కో ఫైలు ఐనోడ్‌నూ అడుగుతుంది. ప్రతి ఐనోడ్‌కూ ఒక పంపకపు లాక్ (పలు నోడ్లు ఒకేసారి పట్టుకోగల, చదవడానికి మాత్రమే సరిపోయే లాక్) కావాలి. అదే సమయంలో వేరొక నోడ్ ఆ ఫైళ్లలో రాస్తూ ఉంటే దాని దగ్గర ఏకాధికార లాక్ ఉంటుంది. దాన్ని వదలాలంటే ఆ నోడ్ ముందు తన జర్నల్‌ను (మార్పుల చిట్టాను), మారిన బ్లాకులను డిస్కుకు చేర్చాలి. లక్ష ఫైళ్ల డైరెక్టరీలో ఈ తంతు లక్షసార్లు జరగవచ్చు.

ఊహించడం మాని, కెర్నల్ తన లోపలి స్థితిని చూపే డీబగ్ఎఫ్ఎస్‌లో ఆ ఫైల్ సిస్టమ్ పేరు కింద ఉండే గ్లాక్స్ ఫైలును ప్రతి నోడ్‌లోనూ తెరిచి చూడండి. జీ అక్షరంతో మొదలయ్యే వరుస ఒక గ్లాక్. దాని కింద హెచ్‌తో మొదలయ్యేవి ఆ గ్లాక్‌ను పట్టుకున్న, లేదా కోరుతున్న ప్రాసెస్‌లు. హెచ్ వరుస జెండాల్లో డబ్ల్యూ కనిపిస్తే ఆ ప్రాసెస్ ఇంకా వేచి ఉన్నట్టు. గ్లాక్ పేరులో గీతకు ముందున్న అంకె దాని రకం: 2 అయితే ఐనోడ్, 3 అయితే రిసోర్స్ గ్రూప్, అంటే ఖాళీ బ్లాకుల లెక్క ఉంచే విభాగం. గీత తరువాతిది హెక్సాడెసిమల్‌లో రాసిన బ్లాకు సంఖ్య. రకం 2 అయితే అదే ఐనోడ్ సంఖ్య. దశాంశంలోకి మార్చి ఫైండ్ ఆదేశంతో వెతికితే ఫైలు పేరు దొరుకుతుంది. పోటీ నడుస్తుండగా మాత్రం ఫైండ్ జోలికి పోవద్దు. అదీ ఐనోడ్లన్నిటినీ అడిగి ఉన్న రద్దీని పెంచుతుంది. అప్లికేషన్‌ను ఆపి వెతకండి.

దీనికి నికరమైన పరిష్కారం అప్లికేషన్ అమరికలోనే ఉంది: ఒక్కో నోడ్‌కు ఒక్కో డైరెక్టరీ కేటాయించి, ఎవరి ఫైళ్లు వారే రాసేలా చూడటం. ఎంత వేగమైన డిస్కు కొన్నా ఈ లోటు తీరదు. నోఎటైమ్ అనే ఎంపికతో మౌంట్ చేయడమూ అవసరమే. అది లేకుంటే కేవలం చదివినా చదివిన సమయాన్ని నమోదు చేయడానికి ఐనోడ్‌లో రాయవలసి రావచ్చు, అప్పుడు పంపకపు లాక్ చాలదు.

లక్షణం: రాత్రి బ్యాకప్ అయ్యాక ఉదయం అన్నీ నెమ్మది

బ్యాకప్ ఒకే నోడ్ నుంచి నడిస్తే మొత్తం ఐనోడ్లు, వాటి లాకులు ఆ నోడ్ క్యాష్‌లోకి చేరతాయి. ఉదయం మిగతా నోడ్లు ఒక్కొక్కటిగా వాటిని వెనక్కు అడుక్కోవాలి. బ్యాకప్ ముగిశాక ఆ నోడ్‌లో క్యాష్ ఖాళీ చేయించే డ్రాప్ క్యాషెస్ అనే కెర్నల్ ఫైలులో 3 రాయండి. ఇంకా మంచి పద్ధతి, ఏ నోడ్ వాడే డైరెక్టరీని ఆ నోడ్ నుంచే బ్యాకప్ తీయడం.

లక్షణం: ఫైలు తొలగించినా జాగా తిరిగి రాలేదు

తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్ఓఎఫ్ ఆదేశం తాను నడిచే నోడ్ సంగతే చెబుతుంది. తొలగించిన ఫైలును వేరే నోడ్‌లో ఏదో ప్రాసెస్ తెరిచి ఉంచితే బ్లాకులు విడుదల కావు. అన్ని నోడ్లలోనూ చూడండి. ఖాళీ జాగా చూపే డీఎఫ్ ఆదేశం అంకెలు నోడ్‌కొకటిగా ఉంటే మాత్రం కంగారు వద్దు. ప్రతి నోడ్ తన మార్పులను కాసేపు తన దగ్గరే ఉంచుకుని, సహజంగా 30 సెకన్లకోసారి ఉమ్మడి లెక్కలో కలుపుతుంది.

లక్షణం: కొత్త ఫైళ్ల సృష్టి రోజురోజుకూ మందగిస్తోంది

నిండిన శాతం చూడండి. 85 దాటితే రిసోర్స్ గ్రూపుల్లో ఖాళీ వెతకడమే భారమవుతుంది, ఆ గ్రూపుల లాకుల కోసం నోడ్లు పోటీపడతాయి. పాతవి తీసేయండి, లేదా వాల్యూమ్ పెంచి, ఫైల్ సిస్టమ్‌ను ఆ మేరకు విస్తరించే జీఎఫ్ఎస్2 గ్రో ఆదేశం నడపండి.

లక్షణం: కొత్త నోడ్ మౌంట్ కాదు

ఖాళీ జర్నల్ లేదని కెర్నల్ లాగ్ చెబుతుంది. నోడ్‌కొక జర్నల్ తప్పనిసరి. ఇప్పటికే మౌంట్ అయి ఉన్న ఏదో ఒక నోడ్ నుంచి జీఎఫ్ఎస్2 జాడ్‌తో ఒకటి చేర్చండి.

లక్షణం: ఒక నోడ్ పడిపోగానే అన్ని నోడ్లూ స్తంభించాయి

ఇది దోషం కాదు, రక్షణ. పడిపోయిన నోడ్ ఇంకా డిస్కుకు రాస్తోందేమో మిగతావాటికి తెలియదు. దాన్ని ఫెన్సింగ్‌తో (బలవంతంగా ఆపేయడం లేదా డిస్కుకు దారి తెంచడం) వేరుచేసి, దాని జర్నల్‌ను మరో నోడ్ తిరిగి నడిపేవరకూ దాని చేతిలోని లాకులు ఎవరికీ దొరకవు. స్తంభన వీడకపోతే ఫెన్సింగ్ ఎందుకు విఫలమైందో కనుక్కోండి. తొందరపడి ఫెన్సింగ్ అయిపోయిందని చేత్తో ధ్రువీకరించేవారున్నారు. ఆ యంత్రం నిజంగా ఆగిపోయిందని కళ్లారా చూడనిదే ఆ పని చేయకండి. రెండు నోడ్లు ఒకే ఐనోడ్‌ను లాక్ లేకుండా రాస్తే మెటాడేటా పాడవుతుంది.

లక్షణం: లాగ్‌లో విత్‌డ్రా సందేశం, ఆ నోడ్‌లో అంతా ఇన్‌పుట్ అవుట్‌పుట్ లోపమే

మెటాడేటాలో పొంతన లేనిదేదో కనిపించినా, డిస్కు నుంచి లోపం ఎదురైనా నోడ్ ఫైల్ సిస్టమ్ నుంచి తప్పుకుంటుంది. ముందు నిల్వ మార్గంలో లోపాలున్నాయేమో లాగ్‌లో చూడండి. ఆ తరువాత అన్ని నోడ్లలోనూ అన్‌మౌంట్ చేయండి. ఒక్క నోడ్‌లో మౌంట్ మిగిలి ఉన్నా, ఫైల్ సిస్టమ్‌ను తనిఖీచేసి మరమ్మతు చేసే ఎఫ్ఎస్‌సీకే నడపకూడదు; మరమ్మతు చేసే చేతితోనే ఉన్నదాన్ని చెడగొట్టినట్టవుతుంది. జీఎఫ్ఎస్2 ఎడిట్‌లోని సేవ్‌మెటాతో మెటాడేటా నకలు తీసి పెట్టుకోండి. అందులో ఫైళ్ల డేటా ఉండదు గనుక అది బ్యాకప్‌కు బదులు కాదు, తరువాత లోపం మూలం వెతకడానికి పనికొస్తుంది. మొదటిసారి ఎఫ్ఎస్‌సీకేను దేన్నీ మార్చని రీతిలో నడిపి, ఏమేం సరిచేయబోతోందో చదివి, ఆపైన మరమ్మతుకు అనుమతించండి.