చలికాలం రాకముందే: సమోవా, టోంగా పక్కింటివాళ్లకు తోడు వెళ్లేవారికి జాగ్రత్తలు

న్యూజిలాండ్‌లోని సౌత్ ఆక్లాండ్‌లో ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి గోడ అవతల ఉండేది పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన ఏ సమోవా కుటుంబమో, టోంగా కుటుంబమో. ఇక్కడ జూన్ అంటే చలి. ఫ్లూ ముదిరినా, తట్టు లేచినా, కోవిడ్ లాంటిది మళ్లీ వచ్చినా వాళ్లకు ఆసరాగా ఉండాలనుకుంటే ఏప్రిల్‌లోనే సిద్ధం కావాలి.

ముందు మన ఒంటి సంగతి. 1918 నవంబర్‌లో తలూన్ అనే ఓడ ఆక్లాండ్ నుంచి సమోవా రాజధాని ఆపియాకు ఫ్లూను మోసుకెళ్లింది. పశ్చిమ సమోవా (ఇప్పటి సమోవా దేశం) జనంలో అయిదో వంతుకు పైగా పోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా ఓడలను రానివ్వలేదు, అక్కడ ఒక్కరూ పోలేదు. 2019లో తట్టు కూడా న్యూజిలాండ్ నుంచే సమోవాకు వెళ్లింది: 83 మంది చనిపోయారు, ఎక్కువమంది అయిదేళ్లలోపు పిల్లలే. కాబట్టి దీవులకు వెళ్లేవాళ్లు కనీసం రెండు వారాల ముందే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) డోసులు సరిచూసుకోండి. ఒళ్లు వెచ్చబడితే టికెట్ డబ్బు పోయినా ఆగిపోండి.

"టీకా ఎందుకు వేయించలేదు?" అని నిలదీయకండి. 2018లో సమోవాలోని సవాయి దీవిలో ఇద్దరు పసిబిడ్డలు ఎంఎంఆర్ టీకా వేసిన కాసేపటికే పోయారు. టీకా మంచిదే. నర్సులు టీకా పొడిలో నీళ్లకు బదులు గడువు దాటిన మత్తు సంబంధిత మందు కలిపారు. ఆ తల్లుల భయం ఊరికే పుట్టింది కాదు. ముందు వినండి. తర్వాతి మాట పాస్టర్‌గారి నోటో, వాళ్ల భాష మాట్లాడే నర్సు నోటో రానివ్వండి. 2021లో కోవిడ్ డెల్టా రకం వ్యాపించిన రోజుల్లో, కేసులు బయటపడ్డ ఆక్లాండ్ సమోవా చర్చివాళ్లను ఆన్‌లైన్‌లో నానా మాటలూ అన్నారు. ఆ తర్వాత చర్చి ఆవరణల్లోనూ టీకాలు వేశారు.

ఇంట్లోకి వెళ్తే చెప్పులు బయటే. కూర్చున్న పెద్దల ముందు నుంచి నడవాల్సి వస్తే కాస్త వంగి "తులో" అనండి, సమోవాలో అది మన్నించమనడం. పదిమంది ఉండే ఇంట్లో "రోగికి ప్రత్యేక గది" అనే సలహా పనికిరాదు. ఎవరెక్కడ పడుకుంటున్నారో అడిగి, ముసలావిడ మంచం కిటికీ ఉన్న వైపు వేయించండి, రోగికి దూరంగా. కావా (ఒక మొక్క వేరుపొడి నీళ్లలో కలిపిన పానీయం) ఒకే చిప్పతో తిప్పే అలవాటుంది. ఫిజీ నుంచి వచ్చిన మన గిర్మిట్ (ఒప్పంద కూలీల) సంతతివాళ్లకీ ఇది తెలుసు. జబ్బులు తిరిగే రోజుల్లో ఎవరి కప్పు వాళ్లే తెచ్చుకోవాలి.

సరుకులు ఇచ్చేటప్పుడు పాస్తా పొట్లాల కన్నా చేమదుంపలు, పచ్చి అరటికాయలు, డబ్బా చేపలు నయం. తలలెన్నో లెక్కపెట్టి ఇవ్వండి, వాళ్లు నోరు తెరిచి అడగరు. చక్కెర జబ్బు ఎక్కువ, మాత్రలు నెలకు సరిపడా ఉన్నాయో చూడండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ నల్లటి చర్మం మీద ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. అంకె బాగున్నా ఆయాసం కనిపిస్తే అంబులెన్స్‌కు 111.

మన కషాయాలు మనింట్లోనే ఉంచుకుందాం. పిల్లల గొంతునొప్పిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అక్కడి నుంచే రుమాటిక్ జ్వరం, గుండె కవాటాల చేటు. ఆ రోజే క్లినిక్‌లో స్వాబ్ తీయించండి.