టిఫిన్ బండి లెక్క ఎలా చూడాలి: చిన్న వ్యాపారులకు సాయం చేయాలనుకునేవారికి

పల్నాడులో మా మండల సమాఖ్య తరఫున, పొదుపు సంఘాల్లో ఉండి ఏదో ఒక వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళకు తోడుండే పని నాది. సీఆర్పీ (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్) అంటారు. టిఫిన్ బండ్లు, కుట్టు మిషన్లు, చీరల మూటలు, పచ్చళ్ళు, చిల్లర కొట్లు. ఎనిమిదేళ్ళలో నూట ముప్ఫై మంది లెక్కలు దగ్గరుండి చూసి ఉంటాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలూ, ఊళ్ళో ఉన్న పిన్నికో మేనత్తకో కొట్టు పెట్టిద్దామనుకునే హైదరాబాదు ఉద్యోగస్తులూ నన్ను అడిగేది ఒకటే: "ఎంత లోన్ ఇప్పిస్తే నిలదొక్కుకుంటుంది?"

లోన్ సంగతి తర్వాత. ఇప్పటికే తన చేతిలో తిరుగుతున్న డబ్బు ఎక్కడికి పోతోందో ముందు ఆమెకు కనపడాలి. అదెలాగో ఒక టిఫిన్ బండామె లెక్కను ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను.

ఆమె పనిచేసే వేళకే వెళ్ళండి. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి "ఎంత మిగులుతోందమ్మా" అంటే "ఏదో జరుగుతోందక్కా" అంటుంది. దాచిపెట్టి అనే మాట కాదది, ఆమెకు తెలిసింది అంతే. నేను తెల్లవారుజామున నాలుగున్నరకు బండి దగ్గరికి వెళ్ళాను. మొదటి రోజు పుస్తకం తీయలేదు. చట్నీ పొట్లాలు కట్టాను, ప్లేట్లు అందించాను. మీరు కూడా అలాగే చేయండి. పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఎవరైనా బిగుసుకుపోతారు.

పొట్లాలు కడుతూ చూసినవి ఇవి. పొద్దున్నే మరుదులిద్దరూ వచ్చి తిని వెళ్ళారు, డబ్బుల మాట లేదు. పల్లీలు పక్క కొట్లో అరకిలో చొప్పున మూడుసార్లు తెప్పించింది. ఆటోవాళ్ళ అరువు ఒక పాత క్యాలెండర్ వెనక రాసి ఉంది. అన్నిటికన్నా పెద్దది, బండికి అంటించిన ఫోన్‌పే స్కానర్ పెద్ద కొడుకు నంబరు మీద ఉంది. సగం అమ్మకం ఆ అబ్బాయి ఖాతాలో పడుతోంది. "సాయంత్రం అడిగితే ఇస్తాడక్కా" అంది. ఎంత పడిందో, ఎంత ఇచ్చాడో ఆమెకు తెలియదు. ఇది మా మండలంలో చాలా బండ్ల మీద చూశాను. మీరు వెళ్ళిన చోట స్కానర్ ఎవరి పేరు మీద ఉందో మొదటి వారంలోనే కనుక్కోండి. ఆమె పేరు మీద సేవింగ్స్ ఖాతా ఉండనే ఉంటుంది, కార్డు ఎక్కడో బీరువాలో పడి ఉంటుంది. ఆ ఖాతాకు మార్పించడానికి ఒక పూట పని. ఇంట్లో మాట వస్తుంది. కొడుకునీ భర్తనీ కూర్చోబెట్టి, "బ్యాంకువాళ్ళు రేపు లోన్ ఇవ్వాలంటే ఈమె ఖాతాలో లావాదేవీలే చూస్తారు" అని చెప్పండి. అది నిజం కూడా.

తర్వాత పదిహేను రోజులు పుస్తకం. ఏడాదంతా రాయమంటే ఎవరూ రాయరు, పదిహేను రోజులైతే రాస్తారు. మూడే గడులు: వచ్చింది, సరుకుకు పోయింది, ఇంటికి తీసింది. ఆమెకు రాయడం రాకపోతే ఏడో తరగతి చదివే కూతురు రాస్తుంది. ఆ పిల్లకు లెక్కలు రావడం అదనపు లాభం. పోపుల డబ్బాలో డబ్బులు కలిపి దాచే అలవాటు మాన్పించి, రెండు డబ్బాలు పెట్టించండి, బండిది ఒకటి, ఇంటిది ఒకటి. మరుదులు తిన్న ఇడ్లీలు కూడా అమ్మకం కింద రాసి, పక్కనే ఇంటికి తీసినట్టు రాయించాను. మూడో గడి గురించి ఎవరినీ తప్పుపట్టకండి. పాలకు, కూరలకు, పిల్లల బస్సు చార్జీలకు ఆ గల్లాలోంచే తీయాలి, ఇంకెక్కడినుంచి తెస్తుంది? తీయొద్దని కాదు, తీసింది తెలియాలని.

పదిహేనో రోజు కలిపి చూస్తే సగటున రోజుకు అమ్మకం 1,800. సరుకు 1,050, గ్యాస్ 200, కవర్లు, పేపర్ ప్లేట్లు 60. మిగిలేది 490.

490 అనగానే ఆమె మొహం వెలిగింది. ఇక్కడ ఆపేయకండి. తెల్లవారుజామున నాలుగు నుంచి పదిన్నర దాకా బండి దగ్గర, సాయంత్రం పప్పు నానబోసి రుబ్బడానికి రెండు గంటలు. ఆ కూలి ఎవరిస్తారు? మిరప కోతలకు పోతే ఆ రోజుల్లో మా ఊళ్ళో 350 వస్తోంది. 490లో 350 ఆమె కూలి. వ్యాపారం సంపాదించింది 140. అందులోంచి రోజుకు 100 డైలీ ఫైనాన్స్‌కి పోతోంది. మిగిలింది 40.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే కోతలకు పోయినా ఇంతేగా అక్కా" అంది. ఆ మాట దగ్గర నాకు గొంతు పట్టుకుంది. కానీ బండి మానెయ్యమనీ అనకూడదు, ధైర్యంగా సాగించమనీ అనకూడదు, నిర్ణయం ఆమెది. కోతలు మహా అయితే మూడు నెలలు, బండి ఏడాదంతా ఉంటుంది అని మాత్రం గుర్తు చేశాను. రెండు రోజులాగి ఆమే ఫోన్ చేసింది.

మార్పులు ఒక్కొక్కటిగా చేయించండి. అన్నీ ఒకేసారి చెబితే మీ ముందు తలూపి, మీరు వెళ్ళాక అన్నీ వదిలేస్తారు. మేము మొదట పట్టుకున్నది ఫైనాన్స్. పది వేలు అప్పు రాసుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి నూటికి పది అనిపిస్తుంది. కానీ రోజూ కడుతూ ఉంటాం కాబట్టి మన చేతిలో సగటున ఉండేది నాలుగున్నర వేలే. తీరగానే మళ్ళీ తీసుకుంటూ పోతే ఏడాదికి కట్టే వడ్డీ మూడున్నర వేలు దాటుతుంది. అంటే నెలకు ఆరు రూపాయల వడ్డీ పైమాటే. ఆమె పొదుపు సంఘంలోనే అంతర్గత అప్పు, అంటే సంఘం సొంత డబ్బులోంచి సభ్యులకిచ్చేది, నూటికి రూపాయి వడ్డీకి దొరుకుతుంది. పది వేలు తీసుకుని నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో తీరిస్తే వడ్డీ మొత్తం 550. సంఘంలో అడగడానికి మొహమాటపడింది. "అందరి ముందూ అడగాలిగా." ఇలాంటి చోటే మన అవసరం. మీటింగుకు నేను పక్కన కూర్చున్నాను, అడిగింది మాత్రం ఆమే. 2010లో మా వీధిలో వారం వారం కిస్తీల కోసం మైక్రోఫైనాన్స్ కంపెనీల మనుషులు గుమ్మాల ముందు కూర్చోవడం నేను చూశాను. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చేదాకా ఎన్ని ఇళ్ళలో నిద్ర లేదో. అందుకే అప్పు ఎవరిది, ఎంత వడ్డీ, ఎన్ని రోజులు అనేది ఆమె నోటితో ఆమె చెప్పగలిగేదాకా ఏ అప్పు మీదా సంతకం పెట్టించను.

తర్వాత సరుకు. పల్లీలు, మినపగుళ్ళు, నూనె డబ్బా నరసరావుపేట నుంచి పది రోజులకోసారి తెప్పించుకోవడం మొదలుపెట్టింది. సరుకు ఖర్చు రోజుకు తొంభై దాకా తగ్గింది. అరువుకి పలక పెట్టించాం: "అరువు వారం వరకే, శనివారం లెక్క". ఒక్కసారిగా అరువు లేదంటే ఆటోవాళ్ళు వేరే బండికి పోతారు.

ధర పెంచడమే అన్నిటికన్నా కష్టమైంది. నాలుగు ఇడ్లీ 25కి అమ్మి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో పల్లీలు, నూనె ఎంత పెరిగాయో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. అయినా టెన్షన్. ఇడ్లీ చిన్నది చేద్దామంది. నేను ఒప్పుకోలేదు. ధర పెంచితే గిరాకీ ఓ వారం గొణుగుతుంది, ఇడ్లీ తగ్గితే నమ్మకం పోతుంది. ఉగాది మర్నాటి నుంచి 30 చేసింది. అల్లం చట్నీ కూడా పెట్టింది. నలుగురు మానేశారు, ఇద్దరు వెనక్కి వచ్చారు. నాలుగు నెలలకు అమ్మకం 1,950, ఖర్చులు 1,220. తన కూలి 350 తీసి పక్కన పెట్టాక ఇంకా 380.

ఇక లోన్. 2019లో ఒక కుట్టు మిషన్ అమ్మాయికి దసరాకి చీరల స్టాక్ పెట్టుకొమ్మని నేనే 50,000 ముద్ర లోన్ ఇప్పించాను. ముద్రలో అన్నిటికన్నా చిన్న రకమైన శిశు కింద అంతవరకే ఇస్తారు, ఆస్తి తాకట్టు అక్కర్లేదు. సంక్రాంతి దాటినా బీరువాలో 22,000 రూపాయల చీరలు మిగిలాయి. కంతులు మాత్రం ప్రతి నెలా వచ్చాయి. ఆమెకు కుట్టడం వచ్చు, చీరల గిరాకీ తెలియదు. ఆ తేడా నేను చూడలేదు. అప్పటి నుంచి ఒకటే అడుగుతాను: ఈ అప్పుతో కొన్న వస్తువు ఎన్ని రోజుల్లో మళ్ళీ డబ్బవుతుంది? మినపగుళ్ళు రెండో రోజుకి డబ్బు. గ్రైండర్‌కి నెలలు పడుతుంది, కానీ రోజూ గంట కూలి మిగులుస్తుంది. చీరలకు జవాబు దొరకలేదంటే కొద్దిగా, సొంత డబ్బుతో మొదలుపెట్టాలి.

కాగితాల పని పెద్దదేమీ కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం, 2020 జులై నుంచి ఉచితంగా ఆన్‌లైన్‌లో అవుతుంది. మధ్యలో ఎవరైనా ఐదొందలడిగితే ఇవ్వొద్దని చెప్పండి, మీ ఫోన్‌లోనే చేసిపెట్టండి. తినే వస్తువులు అమ్మేవాళ్ళకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. నేను చేయించినప్పుడు ఏడాదికి వంద రూపాయలు కట్టాం.

మీ రాకపోకలు కూడా లెక్కపెట్టుకోండి. మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత పదిహేను రోజులకోసారి, ఆరో నెల నుంచి ఆమే పుస్తకం పట్టుకుని సంఘం మీటింగుకు రావాలి. ఒక్కటి మాత్రం వదలకండి, సీజను మారే ముందు ఒకసారి వెళ్ళండి. మా వైపు జనవరిలో కర్నూలు నుంచి కోత కూలీలు దిగుతారు, ఐదు గంటలకే టిఫిన్ కట్టించుకుని పొలాలకు పోతారు. మొన్న జనవరికి నేను వెళ్ళేసరికి ఆమె మూడున్నరకే పొయ్యి వెలిగించి ఉంది. కవర్లు రెండింతలు తెప్పించుకుంది. పుస్తకంలో నాలుగో గడి కొత్తగా గీసి ఉంది. ఏంటమ్మా ఇది అంటే, "వానాకాలానికి దాచేది అక్కా" అంది.