కరెంటు కేబుల్‌ని ఎంతవరకు వంచొచ్చు? కొలిచి, గీసి, వంచే పద్ధతి

ట్రెంచిలో వంద మీటర్లు నీటుగా పరిచిన కేబుల్ చివరికి ప్యానెల్ కింద రెండడుగుల చోటులో దెబ్బ తింటుంది. లగ్ (కేబుల్ కొసకి బిగించే లోహపు ముక్క) అందదు, టైమైపోతుంటుంది, ఇద్దరు పట్టుకుని మోకాలు ఆనించి వంచేస్తారు. ఆ రోజు ఏమీ కాదు. సప్లై వస్తుంది, మోటార్లు తిరుగుతాయి.

లోపల మాత్రం కథ వేరు. వంపు లోపలి వైపు పొరలు నలుగుతాయి, బయటి వైపు సాగుతాయి. ఆర్మర్ (కేబుల్‌కి కవచంలా చుట్టిన లోహపు పొర)లోని జీఐ పట్టీలు, అంటే జింకు పూత వేసిన పట్టీలు, విడిపోయి పైతొడుగును ఒత్తుతాయి. 11 కేవీ (11,000 వోల్టుల) కేబుల్ అయితే ఇంకా సున్నితం. ఇన్సులేషన్ మీది సెమీకండక్టింగ్ పొర ఏ కాస్త లేచినా అక్కడ గాలి చేరుతుంది. ఆ సందులో మొదలైన సన్నటి డిశ్చార్జి ఇన్సులేషన్‌ని మెల్లగా తినేస్తుంది.

1. బయటి వ్యాసం కొలవండి

వెర్నియర్ లేకపోతే దారం చాలు. కేబుల్ చుట్టూ ఒక్క చుట్టు బిగుతుగా తిప్పి, కొస కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, విప్పి స్కేలు మీద పరచండి. 157 మి.మీ. వచ్చిందనుకుందాం. 3.14తో భాగిస్తే వ్యాసం 50 మి.మీ. కేబుల్ మీద ముద్రించిన 185, 240 లాంటి అంకెలు కండక్టర్ అడ్డుకోత వైశాల్యాన్ని చదరపు మిల్లీమీటర్లలో చెప్పేవి. ఈ లెక్కలో వాటికి పని లేదు.

2. ఎన్ని రెట్లో చూడండి

భూగర్భ కేబుళ్లు వేయడానికి మన దేశంలో అనుసరించే ప్రమాణం ఐఎస్ 1255. మన దగ్గర ఎక్కువగా వాడే పీవీసీ, ఎక్స్‌ఎల్‌పీఈ (రెండూ ప్లాస్టిక్ ఇన్సులేషన్ రకాలే) కేబుళ్లలో 1.1 కేవీ వరకు మల్టీకోర్‌కి (లోపల ఒకటి కన్నా ఎక్కువ తీగలున్నది) వ్యాసానికి 12 రెట్లు, సింగిల్ కోర్‌కి 15 రెట్లు. 11 కేవీ మూడు కోర్ల కేబుల్‌కి 15 రెట్లు. హెచ్‌టీ (హై టెన్షన్) సింగిల్ కోర్‌కి చాలా కంపెనీల కేటలాగుల్లో 20 రెట్లు ఉంటుంది. కేటలాగు ఎక్కువ అడిగితే దాని మాటే వినండి.

ఇలా వచ్చేది వంపుకి ఉండాల్సిన కనీస వ్యాసార్థం, వ్యాసం కాదు. సైట్లలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. 50 మి.మీ. ఆర్మర్డ్ మల్టీకోర్‌కి 600 మి.మీ. వ్యాసార్థం కావాలి, అంటే పూర్తి చుట్టు వేస్తే దాని అడ్డుకొలత 1,200 మి.మీ.

3. వంపును నేల మీద గీయండి

మేకు కొట్టి, 600 మి.మీ. తాడు కట్టి, సుద్దతో పావు వృత్తం గీయండి. కేబుల్ లోపలి అంచు ఆ గీతని దాటి లోపలికి రాకూడదు. ఇలాంటి పనులు చాలా ఉంటే అదే కొలతకి ప్లైవుడ్ ముక్క కోయించి పెట్టుకోండి.

90 డిగ్రీల వంపుకే 942 మి.మీ. కేబుల్ పోతుంది, మూడడుగులకు పైమాటే. ప్యానెల్ నేలకి ఆనుకుని ఉండి, కింద ట్రెంచి 450 మి.మీ. లోతే ఉంటే ఈ కేబుల్ నిటారుగా లేవదు. సివిల్ వాళ్లు కాంక్రీటు పోయకముందే ఆ మాట చెప్పాలి, తర్వాత గోల పెట్టి లాభం లేదు. కేబుల్ ట్రే బెండ్లూ అంతే. లోపలి వ్యాసార్థం 300 మి.మీ. ఉన్న బెండ్ 25 మి.మీ. ఆర్మర్డ్ మల్టీకోర్ వరకే పనికొస్తుంది.

4. లాగేటప్పుడు

డ్రమ్ముని జాకీల మీద నిలబెట్టి, కేబుల్ పైవైపు నుంచి వచ్చేలా విప్పండి. పక్కకి పడుకోబెట్టి చుట్లు తీస్తే మెలికలు పడతాయి. మలుపు దగ్గర ఒక్క రోలర్ పెడితే కేబుల్ మొత్తం దాని మీదే విరుచుకుపడుతుంది. గీసిన వంపు వెంట మూడు నాలుగు నిలువు రోలర్లు పెట్టండి. లాగేటప్పటి వంపు ఆఖర్న ఉండాల్సిన వంపు కన్నా పెద్దదిగానే ఉంచండి.

5. మిగులు కేబుల్

జాయింట్ల దగ్గర, చివర్లలో సుమారు 3 మీటర్లు అదనంగా వదలడం మామూలే. దాన్ని గుండ్రంగా ఒక చుట్టు చుట్టి పూడ్చేస్తుంటారు. లెక్క వేసి చూడండి. 3 మీటర్లతో పూర్తి చుట్టు వేస్తే వ్యాసార్థం 478 మి.మీ. దాటదు, మన కేబుల్‌కి కావాల్సింది 600. అందుకే చుట్టు వద్దు, పాములా వెడల్పు వంపుతో పరచండి.

6. ప్యానెల్లోకి

ముందు సప్లై ఆపించి, ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకుని, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. హెచ్‌టీ అయితే లైసెన్సు ఉన్నవాళ్లకే వదిలేయండి. గ్లాండ్‌లోకి (ప్యానెల్లోకి వచ్చే చోట కేబుల్‌ని బిగించి పట్టుకునే బిగింపు) కేబుల్ నిటారుగా వెళ్లాలి, వంపు గ్లాండ్ మూతి దగ్గరే మొదలవకూడదు. రెండు చేతులూ దూరంగా పెట్టి కొంచెం కొంచెంగా జరుపుతూ వంచండి. పైపు దూర్చి, గునపం ఆనించి విరవొద్దు. వంచి, సాపు చేసి, మళ్లీ వంచడం ఇంకా చెడ్డ పని.

రైతులు వాడే సబ్‌మెర్సిబుల్ ఫ్లాట్ కేబుల్‌ని వెడల్పు వైపుకే వంచాలి, అంచు వైపు మడవకూడదు. కేసింగ్ పైపు అంచు మీద అది నేరుగా ఒరుసుకోకుండా చూడండి.

పని అయ్యాక 1.1 కేవీ కేబుల్‌ని 1,000 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటర్) పరీక్షించండి. రీడింగ్ బాగుంటే వంపు కూడా బాగున్నట్టని కాదు, నలిగిన కేబుల్ కూడా ఆ రోజుకి మెగాఓంలు చూపిస్తుంది. అందుకే ప్రతి మలుపులో ప్లైవుడ్ ముక్క పెట్టి చూడండి. ఎక్కడైనా తొడుగు ముడతపడినా, ఆర్మర్ ఉబ్బినా సుత్తితో సరిచేయకండి. ఆ ముక్క కోసేసి జాయింట్ వేయించండి.