చిక్కుడు పాదు పూయకపోతే, పిక్కలు చేదెక్కితే

రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం కట్టాలి, చిక్కుడాకులో పరమాన్నం పెట్టాలి. అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఉన్న జిల్లాలో ఆ రోజుకి పెరటి పాదు కాయకపోతే మనసుకి కష్టంగానే ఉంటుంది.

పందిరంతా అల్లింది, పూత లేదు

ఎక్కువమంది టెన్షన్ పడేది దీనికే. ముందు ఏ నెలలో విత్తారో గుర్తు చేసుకోండి. మన నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. వేసవిలో పెట్టిన పాదు వానాకాలమంతా తీగ సాగుతూనే ఉంటుంది. అది రోగం కాదు, మందు కొట్టకండి. వచ్చే ఏడు జూన్, జూలైలో విత్తండి.

సరైన నెలలో విత్తినా చలి ముదిరేదాకా పూయలేదంటే గెత్తం (పశువుల ఎరువు), యూరియా ఎక్కువైనట్టే. చిక్కుడు వేళ్ళ బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకి అందిస్తుంది. పైన మనమూ వేస్తే ఆకు తప్ప ఇంకేం రాదు. యూరియా మానేసి, పొయ్యి బూడిద గుప్పెడు మొదట్లో కలపండి, తీగ కొసలు తుంచండి.

కొసలకి నల్లటి పేను

పేనుబంక. మబ్బు పట్టిన చలి రోజుల్లో ఎక్కువ. పాదు మీద చీమలు బారులు తీరితే అప్పుడే ఆకు తిప్పి చూడండి. పట్టిన కొసలు తుంచి, మిగతా తీగని నీళ్ళతో గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లండి. అక్షింతల పురుగులు కనిపిస్తే మాత్రం ఆగండి, అవి పేనుని తినేస్తాయి.

పూత గూడు కట్టి రాలుతుంటే లోపల మారుకా పురుగు ఉంటుంది. గూళ్ళు ఏరి కాల్చేయండి.

ఎండు పిక్కలు చేదు

ఎండిన పిక్కల్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, ముదురు రంగు పిక్కల్లో ఇంకాస్త ఎక్కువ. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. కొత్త నీళ్ళు ఎక్కువగా పోసి, మూత పెట్టకుండా బాగా ఉడికించి, ఆ నీళ్ళూ వార్చేయండి. బలం పోతుందని వార్చిన నీళ్ళు చారులో పోసేవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. పచ్చిగా గానీ, ఉత్తినే వేయించి గానీ పిల్లలకి పెట్టొద్దు.

ఎంత ఉడికించినా గట్టిగానే ఉన్నాయి

పాతబడి, తేమ తగిలిన పిక్కలు అలాగే మొండికేస్తాయి. నానబెట్టే నీళ్ళలో చిటికెడు వంటసోడా వేయండి. చింతపండు ముందే వేసినా పిక్క మెత్తబడదు. వేళ్ళ మధ్య నలిగాకే పులుసు పోయండి.